పిల్లి చొంగ కారుస్తోంది: ఎప్పుడు భయపడాలి, ఖర్చు సంగతేమిటి?

పిల్లి పడుకుని లేచిన చోట దుప్పటి తడిగా ఉంటుంది. గడ్డం కింద బొచ్చు అట్టకట్టి ఉంటుంది. దగ్గరికి తీసుకుని చూస్తే మూతి చివర చొంగ వేలాడుతూ కనిపిస్తుంది. ఆ క్షణంలో పెంచుకునేవాళ్లకు రెండు ప్రశ్నలు ఒకేసారి పుడతాయి. దీనికి ఏమైంది? డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎంతవుతుంది? రెండోది పైకి అనడానికి మొహమాటం. ప్రాణం ముందు డబ్బు లెక్కలా అని మనసు గుచ్చుతుంది. కానీ ఈ రెండు ప్రశ్నలూ ముడిపడే ఉన్నాయి. చొంగ ఎందుకు కారుతోందో కొంతైనా అర్థమైతే ఖర్చుకు ఒక అంచనా దొరుకుతుంది. అంతవరకూ ఆ రెండూ కలిసి నిద్ర పట్టనివ్వవు.

## ఎక్కువ ఊరుతోందా, మింగలేకపోతోందా?

లాలాజలం మన నోట్లోలాగే పిల్లి నోట్లోనూ రోజంతా ఊరుతూనే ఉంటుంది. చెవి దిగువన, దవడ దగ్గర, నాలుక కింద ఉండే గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి. పిల్లి ఎప్పటికప్పుడు మింగేస్తుంది కాబట్టి మన కంట పడదు. కొన్ని జాతుల కుక్కలకు చొంగ కారడం పుట్టుకతో వచ్చిన అలవాటు. పిల్లులకు అలా ఉండదు. అందుకే పిల్లి చొంగ కారిస్తే దానికి ఒక కారణం ఉందనే అనుకోవాలి, ఆ కారణం చిన్నదే కావచ్చు.

చొంగ బయటికి వచ్చిందంటే రెండింట్లో ఒకటి జరిగినట్టు. మామూలు కంటే ఎక్కువ ఊరుతూ ఉండాలి, లేదా ఊరేది మామూలుగానే ఉన్నా పిల్లి మింగలేకపోతూ ఉండాలి. వికారం, భయం, చేదు మందు, కొన్ని రకాల విషాలు మొదటి దానికి దారితీస్తాయి. గొంతులో ఏదైనా ఇరుక్కోవడం, దవడకు దెబ్బ తగలడం, మింగడాన్ని నడిపే నరాలు దెబ్బతినడం రెండో దానికి. నోట్లో పుండ్లు పడితే రెండూ కలుస్తాయి: మంటకు లాలాజలం ఎక్కువ ఊరుతుంది, నొప్పికి అది మింగుడు పడదు.

ఈ తేడా గిన్నె దగ్గర తెలుస్తుంది. ఆకలితో పరుగున వచ్చి, మూతి పెట్టి, ఒక్కసారిగా వెనక్కి తగ్గే పిల్లికి నోరో గొంతో నొప్పిగా ఉందని అర్థం. తిండి వాసనకే మొహం తిప్పుకుని, మాటిమాటికీ పెదాలు నాక్కుంటూ, ఏమీ లేకుండానే గుటకలు వేసే పిల్లికి కడుపులో తిప్పుతోందని అర్థం. ప్రతిసారీ ఇలా తేటతెల్లంగా ఉండదు గానీ, డాక్టరు కూడా మొదట అడిగేది దీని గురించే.

## కంగారు అక్కర్లేని చొంగ

ఒళ్లో కూర్చుని గుర్రుగుర్రుమంటూ, ముందు కాళ్లతో పిండి పిసికినట్టు మన తొడను పిసుకుతూ కళ్లు అరమోడ్చి రెండు చుక్కలు కార్చే పిల్లులు కొన్ని ఉంటాయి. తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు కూన అలాగే పిసుకుతుంది. ఆ అలవాటు పెద్దయ్యాక కూడా సుఖంగా ఉన్నప్పుడు తిరిగి వస్తుంది. ఇలాంటి చొంగకు మూడు గుర్తులు: చిన్నప్పటి నుంచీ ఉంటుంది, సందర్భం దాటగానే ఆగిపోతుంది, తిండిలో తేడా ఉండదు. ఎనిమిదేళ్లు ఎప్పుడూ కార్చని పిల్లి ఇప్పుడు ఒళ్లో కూర్చుని కార్చడం మొదలుపెడితే మాత్రం దాన్ని ప్రేమ ఖాతాలో వేసి ఊరుకోలేం.

ప్రయాణంలో కారే చొంగ కూడా మామూలే. బండి కుదుపులకు వికారం, బుట్టలో బంధించామన్న భయం రెండూ తోడవుతాయి. కిందికి దిగాక కాసేపటికి తగ్గుతుంది.

ఇక మాత్ర మింగించాక నోటి నిండా నురగ. మొదటిసారి చూసినవాళ్లు ఫిట్స్ వచ్చాయనే అనుకుంటారు, నేనూ అలాగే హడలిపోయాను. మెట్రోనిడజోల్ లాంటి మందులు విపరీతమైన చేదు. ఆ రుచిని కడిగేసుకోవడానికి పిల్లి నోరు లాలాజలాన్ని కుమ్మరిస్తుంది. కొద్ది నిమిషాల్లో సర్దుకుంటే అది చేదు పనే. నురగతో పాటు వణుకు, తూలడం ఉంటే కథ వేరు.

## ఎక్కువసార్లు దొంగ నోట్లోనే ఉంటాడు

ఎదిగిన పిల్లికి 30 పళ్లు. వాటి మీద గార కట్టడం, చిగుళ్లు వాయడం అందరికీ తెలిసిన సంగతే. పిల్లుల్లో తరచుగా కనిపించే ఇంకో జబ్బు గురించి పెద్దగా తెలియదు. శరీరంలోని కణాలే పన్నును తినేస్తాయి. మనుషుల పిప్పిపన్ను లాంటిది కాదిది, దీనికి సిమెంటు నింపి కాపాడే వీలు లేదు. పన్ను తీసేయాల్సిందే. చిగురు అంచు దగ్గర గులాబీ రంగు చుక్కలా కనబడవచ్చు, అసలేమీ కనబడకపోనూ వచ్చు. చిగురు కింద జరిగే నష్టం ఎక్స్‌రేలోనే బయటపడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, బిల్లు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

రెండోది నోరంతా ఎర్రగా పచ్చిపుండులా మారే దీర్ఘకాలపు వాపు. రోగనిరోధక శక్తి అతిగా స్పందించడం వల్ల వస్తుందని అంటారు. చాలా పిల్లుల్లో దీనితో పాటు కాలిసివైరస్ కూడా దొరుకుతుంది. ఈ పిల్లులు ఆవులించబోయి మధ్యలో ఆగి అరుస్తాయి, బొచ్చు నాక్కోవడం మానేసి మాసిపోతాయి. వీటికి చేసే వైద్యం వినడానికి ఘోరంగా ఉంటుంది: చాలావరకు పళ్లను, కొన్నిసార్లు మొత్తం పళ్లనూ పీకేస్తారు. కానీ ఎక్కువ పిల్లులు ఆ తర్వాతే హాయిగా తింటాయి. కొన్నింటికి మాత్రం తర్వాత కూడా మందులు కావాలి.

కాలిసివైరస్ ఒక్కటే, వాపు జబ్బు లేకుండా సోకినప్పుడు నాలుక మీద పుండ్లు, తుమ్ములు, జ్వరం, చొంగ ఉంటాయి. టీకా పడని కూనల్లో ఎక్కువ. నొప్పి తగ్గించి, తిండి లోపలికి పోయేలా చూస్తే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తేరుకుంటాయి.

వయసు మళ్లిన పిల్లి ఒక పక్క నుంచే, రక్తం కలిసిన, దుర్వాసన ఉన్న చొంగ కారుస్తుంటే డాక్టర్లు నాలుక కింద, దవడ వెంబడి గడ్డ కోసం వెతుకుతారు. పిల్లుల నోటి కేన్సర్లలో స్క్వామస్ సెల్ కార్సినోమాయే అన్నిటికంటే ఎక్కువ. త్వరగా పెరుగుతుంది, లొంగడం కష్టం. ఒక పక్కే కారే చొంగ విరిగిన కోర పన్ను వల్ల కూడా కావచ్చు కాబట్టి ఇంట్లోనే తీర్పు చెప్పుకోవడంలో అర్థం లేదు.

దారం సంగతి విడిగా చెప్పాలి. పిల్లి ఆడుకుంటూ మింగిన దారం ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుని, రెండో కొస పేగుల్లోకి పోతుంది. పైకి కనిపించే కొసను లాగేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా లాగితే లోపల బిగుసుకున్న దారం పేగును కత్తిలా కోస్తుంది. చివర సూది కూడా ఉండవచ్చు. అందుకే ఆ కొసను డాక్టర్లకే వదిలేయమంటారు.

## నోరు బాగానే ఉంది, అయినా కారుతోంది

అప్పుడు చూపు కడుపు మీదికి, కిడ్నీల మీదికి, లివర్ మీదికి మళ్లుతుంది. ముసలి పిల్లుల్లో కిడ్నీలు మందగిస్తే రక్తంలో మలినాలు పేరుకుని వికారం పుడుతుంది, నోట్లో పుండ్లు కూడా పడతాయి. నీళ్లు ఎక్కువ తాగడం, బరువు తగ్గడం దీనికి తోడుంటాయి. పేగుల నుంచి వచ్చే రక్తం లివర్‌ను తప్పించుకుని పక్కదారి పట్టే పుట్టుకలోపం కొన్ని కూనల్లో ఉంటుంది. వాటిలో చొంగ కారడం ప్రధాన లక్షణం, కొన్నింటికి కళ్లు రాగి రంగులో మెరుస్తాయి.

తర్వాత విషాలు. చొంగ ఎంత కారితే ప్రమాదం అంత ఎక్కువ అని మనం సహజంగానే అనుకుంటాం. అది నిజం కాదని చెప్పడానికి మొక్కలకు మించిన ఉదాహరణ లేదు.

మనీ ప్లాంట్, డీఫెన్‌బేకియా, పీస్ లిల్లీ ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కొరికిన వెంటనే నోట్లో గుచ్చుకుంటాయి. పిల్లి ధారగా చొంగ కారుస్తుంది, మూతిని కాలితో రుద్దుకుంటుంది, చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. కానీ చాలాసార్లు అది నోటి మంటతోనే తీరిపోతుంది. ఇక అసలు లిల్లీ జాతి, డే లిల్లీ జాతి మొక్కలు. వీటి ఆకు కొంచెం నమిలినా, బొచ్చుకు అంటిన పుప్పొడి నాకినా, కుండీలో నీళ్లు తాగినా చాలు. మొదట కాస్త చొంగ, ఒకటి రెండు వాంతులు, నీరసం. తర్వాత తేరుకున్నట్టే ఉంటుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు ఆగిపోతాయి. తిన్న 18 గంటలు దాటాక మొదలుపెట్టిన వైద్యం చాలాసార్లు ఫలించదు. పీస్ లిల్లీ పేరులో లిల్లీ ఉన్నా అది ఆ కుటుంబానిది కాదు. ఈ పేర్ల గందరగోళం వల్ల భయపడాల్సిన మొక్క దగ్గర ధీమాగా, మరో మొక్క దగ్గర బెంబేలుగా ఉంటాం.

ఇంట్లోని మిగతా ముద్దాయిల్లో మొదటిది కుక్కల గోమార్ల మందు. అలాంటి కొన్ని మందుల్లో ఉండే పర్మెత్రిన్ అనే పురుగుమందును పిల్లి శరీరం సరిగా విరగ్గొట్టలేదు. చొంగతో మొదలై ఒళ్లంతా అదిరిపోతూ ఫిట్స్ దాకా పోతుంది. పారాసెటమాల్ కూడా అలాంటిదే, ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. మొహం వాయడం, చిగుళ్లు గోధుమ రంగుకు తిరగడం దాని గుర్తులు. బెంజాల్కోనియం క్లోరైడ్ అనే క్రిమిసంహారక రసాయనం ఉన్న, నేల శుభ్రం చేసే ద్రావకాల మీద నడిచి పాదాలు నాకిన పిల్లికి కొన్ని గంటల తర్వాత నాలుక పుండ్లు పడుతుంది. అప్పటికి నేల ఆరిపోయి ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

వేడి దెబ్బ తగిలిన పిల్లి కూడా చొంగ కారుస్తూ నోరు తెరిచి రొప్పుతుంది.

రేబిస్ అరుదే అయినా దాని పేరు ఎత్తకుండా ఉండలేం. టీకా లేని, బయట తిరిగే పిల్లి స్వభావం ఉన్నట్టుండి మారిపోయి, మింగలేక చొంగ కారుస్తుంటే నోట్లో ఏమిరుక్కుందో అని వేలు పెట్టి చూడటం మనిషి ప్రాణానికే ముప్పు. కరిచినా గీరినా గాయాన్ని సబ్బూ నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే వైద్యం చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

## తెల్లారేదాకా ఆగవచ్చా?

అర్ధరాత్రి ఆసుపత్రికి ఫీజు ఎక్కువ కాబట్టి డబ్బు ప్రశ్న ముందు ఇక్కడే ఎదురవుతుంది. మూడు పిల్లుల్ని ఊహించుకుందాం.

మొదటిది సాయంత్రం నుంచి కొద్దిగా కారుస్తోంది. మెత్తటిది తింటోంది, గట్టిది నమలడం లేదు. చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. పడుకున్నప్పుడు ఊపిరి నిమిషానికి 30 లోపే ఉంది. ఇది పంటి బాధలా ఉంది, పొద్దున డాక్టరు చూసినా పెద్ద నష్టం ఉండదు.

రెండోది నిన్నటి నుంచి ఏమీ ముట్టలేదు, ఓ మూల నక్కి కూర్చుంది. చొంగ కొంచెమే. చూడ్డానికి మొదటిదానికంటే ప్రశాంతంగా ఉంది, అదే మోసం. రెండు మూడు రోజులు తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావుగా ఉన్నదానికి, లివర్‌లో కొవ్వు పేరుకుపోయే ప్రమాదం ఉంది. ఆ జబ్బు మొదలైతే గొట్టం ద్వారా వారాల తరబడి తిండి పెట్టాల్సి వస్తుంది. దీనికి అర్ధరాత్రి పరుగు అక్కర్లేకపోయినా రేపటిని దాటించే వీలు లేదు.

మూడోది ఒక్కసారిగా ధారగా కారుస్తోంది, తూలుతోంది, ఒళ్లు అదురుతోంది. లేదా నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. లేదా లిల్లీ నమలడం మీరే చూశారు. ఇక్కడ గంటల లెక్క. ఉప్పునీళ్లో హైడ్రోజన్ పెరాక్సైడో తాగించి కక్కించే ప్రయత్నం పిల్లుల్లో కొత్త గాయాలు చేస్తుందే తప్ప మేలు చేయదు.

నొప్పిని పిల్లి దాచుకుంటుందన్నది పాత మాటే. దాన్ని చదవడానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఒక కొలబద్ద ప్రచురించారు. చెవులు పక్కలకు తిరిగాయా, కళ్లు చిట్లించిందా, మూతి బిగుసుకుందా, మీసాలు నిటారుగా సాగాయా, తల భుజాల కంటే కిందికి వాలిందా: ఈ ఐదింటికీ 0 నుంచి 2 వరకు మార్కులు. మొత్తం పదిలో నాలుగుకు చేరితే నొప్పి మందు గురించి ఆలోచించాలి. ఇంట్లో వాళ్లు కూడా దీన్ని వాడవచ్చు, ఖర్చేమీ లేదు.

## బిల్లు ఎందుకంత పెరుగుతుంది?

మన నోరు చూపించాలంటే కుర్చీలో కూర్చుని తెరుస్తాం. పిల్లి తెరవదు. పైపైన చూడనిస్తుంది గానీ వెనక పళ్లు, నాలుక కింద, చిగుళ్ల లోతు చూడాలంటే మత్తు ఇవ్వాలి. మత్తుకు ముందు కిడ్నీలు, లివర్ తట్టుకుంటాయా అని రక్తపరీక్ష. మత్తులో ఉన్నంతసేపు ఊపిరి గొట్టం, సెలైన్, పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆపైన ఎక్స్‌రే. పిల్లి పంటి వేళ్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి కాబట్టి పీకడం కూడా చిన్న ఆపరేషనే. మత్తు లేకుండా పళ్లు శుభ్రం చేస్తామనేవాళ్లు చవగ్గా దొరుకుతారు. వాళ్లు పైకి కనిపించే గార గీకుతారు, జబ్బు చిగురు కిందే ఉండిపోతుంది.

లెక్క కోసం డాక్టరు ఒకసారి చూసే ఫీజును 1 భాగం అనుకుందాం. మిగతా అంకెలు కూడా ఊహించుకున్నవే, పోలిక తెలియడానికి. రక్తపరీక్ష 2, మత్తు 4, ఎక్స్‌రే 2, ఒక్కో పన్ను తీయడానికి 1. మూడు పళ్లు పాడైన పిల్లికి మొదట్లోనే అన్నీ చేయిస్తే 1+2+4+2+3, మొత్తం 12 భాగాలు.

ఇంకొకరు ముందు మందులతో చూద్దామన్నారు. మొదటిసారి ఫీజు, మందులు కలిపి 2. వాపు తగ్గింది, నెలకు మళ్లీ వచ్చింది, ఇంకో 2. మూడోసారి వెళ్లేసరికి ఐదు పళ్లు పాడయ్యాయి: 1+2+4+2+5, అంటే 14. మొత్తం 18. అంతకాలమూ పిల్లి నొప్పితోనే ఉంది.

దీన్నిబట్టి మొదట్లోనే అన్నీ చేయించడం ఎప్పుడూ చౌక అనుకోకండి. రెండేళ్ల పిల్లికి నాలుక మీద పుండ్లు, తుమ్ములు ఉన్నాయనుకోండి. డాక్టరు చూసి, ఇది వైరస్ పనిలా ఉందని నొప్పి మందు ఇచ్చి పంపితే 2 భాగాలు. రక్తపరీక్షకు 2, వైరస్ పరీక్షకు 3 కలిపితే 7. చివరికి ఇచ్చే మందు మాత్రం అదే.

## అన్ని పరీక్షలా, అంచెలంచెలుగానా?

పశువైద్యుల్లోనే దీని మీద రెండు ఆలోచనలున్నాయి. మొదటి పక్షం వాదన: పిల్లి తన బాధ చెప్పుకోలేదు, ఊహ మీద వైద్యం చేస్తే కేన్సర్‌నో కిడ్నీ జబ్బునో పంటి నొప్పిగా పొరబడతాం, పోయిన నెల తిరిగి రాదు. డబ్బు లేదని ముందే అనుకుని మంచి వైద్యం గురించి చెప్పకపోవడం పెంచుకునేవాళ్లకు అన్యాయం చేయడమే అంటారు. ఈ మాటలో బలం ఉంది.

రెండో పక్షం వాళ్లు అనేది, అత్యుత్తమ వైద్యమో ఏమీ లేకపోవడమో అనే రెండే దారులు పెడితే చాలామంది ఏమీ లేని దారిలో ఇంటికెళ్లిపోతారని. డబ్బు కట్టలేక, నయమయ్యే జబ్బుతో ఉన్న పిల్లిని శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి రావడం డాక్టర్లనూ కుంగదీస్తుంది. కాబట్టి ఎక్కువ అవకాశమున్న కారణానికి ముందు వైద్యం చేసి, గుణం కనిపించకపోతే తర్వాతి మెట్టు ఎక్కడం కూడా సరైన వైద్యమే అంటారు. దీనికి ఒక షరతు ఉంది: ఎన్ని రోజుల్లో ఏ మార్పు రాకపోతే తిరిగి రావాలో మొదటి రోజే తేల్చుకోవాలి. పైన 18 భాగాలైన కథలో లోపించింది అదే. మెట్లెక్కుతున్నామనుకుంటూ ఒకే మెట్టు మీద నిలబడిపోయారు.

నా మటుకు, నోరు మొత్తం ఎర్రబడిన పిల్లి విషయంలో మొదటివాళ్ల వైపు, తుమ్ముతున్న కూన విషయంలో రెండోవాళ్ల వైపు మొగ్గుతాను. విషం, ఊపిరి ఆడకపోవడం లాంటి చోట ఈ చర్చకే తావు లేదు.

## ఇన్సూరెన్స్, పొదుపు, మిగతా దారులు

పెంపుడు జంతువుల ఇన్సూరెన్స్‌లో ఎక్కువమందిని దెబ్బతీసే నిబంధన, పాలసీకి ముందే ఉన్న జబ్బులకు డబ్బు ఇవ్వకపోవడం. చొంగ మొదలయ్యాక పాలసీ తీసుకుంటే ఆ చొంగకు కారణమైన జబ్బు అందులోకి రాదు. తీసుకున్నాక కూడా కొన్నాళ్లు వేచి ఉండాల్సిన గడువు ఉంటుంది. పళ్ల వైద్యాన్ని చాలా పాలసీలు వేరుగా చూస్తాయి. లెక్క ఇలా పడుతుంది: 12 భాగాల బిల్లులో మొదటి 2 మీవి, మిగిలిన 10లో 80 శాతం కంపెనీది అయితే 8 తిరిగి వస్తాయి, 4 మీ జేబులోంచి పోతాయి. చాలాచోట్ల ముందు మొత్తం మీరే కట్టి తర్వాత తెచ్చుకోవాలి.

ప్రీమియం కట్టే బదులు అంతే మొత్తాన్ని నెలనెలా దాచుకుందామనే వాళ్లున్నారు. పిల్లి పదేళ్లు ఆరోగ్యంగా ఉంటే ఆ డబ్బు వాళ్లదే. మూడో నెలలో ఆపద వస్తే దగ్గరున్నది మూడు నెలల డబ్బే. ఇందులో ఏది మేలన్నది ఆ మూడో నెల బిల్లును అప్పటికప్పుడు కట్టగలరా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

రెండూ లేనివాళ్లకు పశువైద్య కళాశాలల ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు నడిపే క్లినిక్‌లు ఉంటాయి. ధర తక్కువ, వరుస పొడవు. కొన్ని ప్రైవేటు క్లినిక్‌లు వాయిదాలకు ఒప్పుకుంటాయి, కానీ అడగందే చెప్పవు. ఎస్టిమేట్ రాసిచ్చేటప్పుడు కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలు వేస్తారు. ఏది జరిగితే గరిష్ఠానికి చేరుతుందో, ఏ పరీక్ష ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందో అడిగితే ఆ అంకెల మధ్య ఏముందో విడిపోతుంది. ఫలితం ఎలా వచ్చినా అదే మందు ఇస్తామని డాక్టరు చెబితే ఆ పరీక్షను తర్వాతి మెట్టుకు ఉంచుకోవచ్చు.

ఆసుపత్రి బల్ల ఎక్కగానే చొంగ ఆగిపోవడం కూడా తరచుగా జరిగేదే. భయంతో బిగుసుకుపోయిన పిల్లి అక్కడ ఏ లక్షణమూ చూపించదు. ఇంట్లో తినేటప్పుడు, కారుస్తున్నప్పుడు ఫోన్లో తీసిన ఒక్క నిమిషం వీడియో, నమిలిన ఆకు ముక్క, వాడిన మందు డబ్బా వెంట ఉంటే ఏ వైపు నుంచి కారుతోంది, తల ఎటు వంచుతోంది అన్నవి ఫీజు కట్టిన ఆ కాసేపట్లోనే డాక్టరుకు తెలిసిపోతాయి.